మొన అరగదీసిన దబ్బనం

పోయిన నెలాఖరున నేను రిటైరయ్యాను. నా వయసు ఇరవై ఏడు. పూలదండ, శాలువా, ఉపన్యాసం ఏవీ లేవు. మా మేడం ఒక మైసూర్‌పాక్ ముక్క నా చేతిలో పెట్టి, “తినేసి చేతులు కడుక్కుని ఆ సూదులు సర్దు” అంది. అంచేత రిటైరైన రోజు కూడా పనిచేశాననే చెప్పుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మందుల షాపుకూ చెప్పుల షాపుకూ మధ్య ఇరుక్కున్న కుట్లు అల్లికల దుకాణంలో ఏడేళ్లు కూర్చున్నాను. ముందు గదిలో దారాలు, ఊలు, పూసలు, మ్యాటీ గుడ్డ, సూదులు అమ్ముతాం. వెనక గదిలో మధ్యాహ్నాలు మేడం ఆడవాళ్లకు ఎంబ్రాయిడరీ నేర్పుతుంది. నా చోటు సూదుల సొరుగు వెనక. వచ్చే వారం నల్గొండలో ఒక లైబ్రరీలో చేరబోతున్నాను. అక్కడ మాట్లాడకూడదని గోడ మీదే రాసి ఉంటుందట. నన్ను చూసే ఆ ఉద్యోగం పెట్టినట్టుంది.

ఇక నుంచి ఆ సొరుగు వెనక కూర్చోబోయే అమ్మాయి కోసం ఇది రాస్తున్నాను. నీ పేరు నాకింకా తెలియదు. జీతం, సెలవుల సంగతి మేడం చెబుతుంది. ఆమె చెప్పనివి కొన్ని ఉన్నాయి. నా డైరీలో ఉన్నవే, తుడిచి తిరగరాస్తున్నాను.

అంకెల గొడవ

చేరిన మొదటి వారం. సూదులన్నీ కలిసిపోయాయి, సర్దమంది మేడం. ఇంట్లో పుస్తకాలను ఎత్తు ప్రకారం పేర్చుకునేదాన్ని, నాకు ఇది పండగే. నీలం ఫ్లానెల్ గుడ్డ మీద వరసగా గుచ్చి, ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు అంటించాను. అన్నిటికంటే లావు సూదికి పది, అన్నిటికంటే సన్నం దానికి ఒకటి.

మూడు రోజులు అలాగే అమ్మాను. నాలుగో రోజు ఒక లెక్చరర్ గారి భార్య వచ్చి, నేనిచ్చిన సూదిని కౌంటర్ మీద పడుకోబెట్టింది.

“ఏమ్మాయ్, పదో నంబరు అడిగాను గదా నేను?”

“పదే నండీ.”

“నేను కుడుతున్నది జేబురుమాలమ్మా, పరుపు కాదు.”

సూదుల్లో అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. ఇది ఎవరూ చెప్పరు, ఎందుకంటే అందరికీ తెలుసని అందరూ అనుకుంటారు. మొదటి రోజే చీటీ రాసి సొరుగులో అంటించుకో. నా చీటీలు అన్నీ పీకి మేడం చెత్తబుట్టలో వేసింది. “దస్తూరీ మాత్రం బావుంది” అంది. ఏడేళ్లలో ఆమె నన్ను పొగిడిన నాలుగు సందర్భాల్లో అది మొదటిది.

మేడం, ఆమె సూత్రం

మేడం పేరు భ్రమరాంబ. తెనాలి దగ్గరి ఊరు. భర్త ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి, కాలనీలు లేస్తున్న ఊపు చూసి దుకాణం పెట్టింది. ఎర్రమట్టి రోడ్డు పడి, కరెంటు స్తంభం పాతితే చాలు, రెండు నెలల్లో ఆ వీధి ఆడవాళ్లు టీవీ కవరు కుట్టడానికి వస్తారని ఆమె లెక్క. ఎప్పుడూ తప్పలేదు. టీవీ ఇంకా కొననివాళ్లు కూడా కవరు కుట్టుకుని సిద్ధంగా ఉండేవాళ్లు.

ఆమె సూత్రం ఒకటే. “ముందు గుడ్డని అడుగు. తర్వాత దారాన్ని అడుగు. ఆ తర్వాత సూదిని అడుగు. మనిషిని అడగక్కర్లేదు.” ఆ చివరి వాక్యం కోసమే నేను ఈ ఉద్యోగంలో నిలబడ్డాను. మనిషిని అడగనక్కర్లేని పని ఇంకెక్కడ దొరుకుతుంది?

గుడ్డని అడగడమంటే, సూదిని గుడ్డ అంచులో ఒక్కసారి గుచ్చి తీసి, గోటితో రుద్ది, వెలుతురుకు పట్టి చూడ్డం. రుద్దాక కూడా చిల్లు కనిపిస్తే సూది లావు. నూలుగుడ్డ క్షమిస్తుంది, శాటిన్ క్షమించదు. దారాన్ని అడగడమంటే, సూదిలో దారం ఎక్కించి దారం కొస పట్టుకుని వేలాడదీయడం. సూది జర్రున జారి కింద పడితే బెజ్జం పెద్దది. కదలకుండా వేలాడితే చిన్నది, నాలుగు కుట్లకే దారం నూగు లేస్తుంది. తాతయ్య మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగిందంటే అదే నీ సూది. ఇక మొన. మామూలు ఎంబ్రాయిడరీకి వాడిమొన. గళ్లు లెక్కపెట్టి కుట్టే మ్యాటీకి మొద్దుమొన, ఎందుకంటే అక్కడ సూది పోగుల మధ్య నుంచి దూరి పోవాలి గానీ పోగును చీల్చకూడదు.

మేడంకి ఇంకో అలవాటుంది. ఎవరు ఏం కుట్టి తెచ్చినా ముందువైపు చూడదు. “వెనక్కి తిప్పు” అంటుంది. వెనక ముళ్లు, అడ్డదిడ్డంగా దూకిన దారాలు కనిపిస్తే ఆ హంస ఎంత అందంగా ఉన్నా సరే, మొహం చిట్లిస్తుంది. పదిమందిలో అలా చేయడం కొంచెం క్రూరత్వమే. చాలామంది కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను. కాని వెనకవైపు అబద్ధం చెప్పదన్న మాట మాత్రం నిజం.

ఆచారాల్లోనూ ఆమె గట్టి మనిషి. దీపాలు పెట్టాక సూది అమ్మదు, ఆ మాటే పలకనివ్వదు. సాయంత్రం వచ్చినవాళ్లు గాల్లో కుడుతున్నట్టు చెయ్యి ఆడించి చూపిస్తే, “రేపు పొద్దున రండి” అనేది. ఇక సూదిని చేతి నుంచి చేతికి ఇవ్వడం అసలే కుదరదు. ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ తగువు వస్తుందట. గుడ్డముక్కకు గుచ్చి కౌంటర్ మీద పెట్టాలి, కొన్నవాళ్లు తీసుకోవాలి. నాకు ఇందులో ఏ ఇబ్బందీ లేదు. పెట్టేటప్పుడు తల ఎత్తనక్కర్లేదు కూడా.

సత్తెమ్మ

ఒక వేసవి మొదట్లో సత్తెమ్మ వచ్చింది. సరూర్‌నగర్ పాత ఊరి మనిషి. యాభై దాటి ఉంటాయి. ఎల్బీ నగర్ వైపు వాళ్ల పొలం ప్లాట్లుగా పోయింది. రెండు ప్లాట్లు ఉంచుకుని, వాటిలో కొడుకు మేడ కడుతున్నాడు. కొలతలు తీసుకున్నట్టు దుకాణమంతా ఒకసారి చూసి, గోడ మీది మ్యాటీ ఫ్రేముల ముందు నిలబడింది. హంసలు, గులాబీలు, జింక, కుక్కపిల్ల.

“ఎడ్లు లేవా?” అంది.

“ఎడ్లా?” అంది మేడం.

“ఆ. ఎడ్లు. రెండు.”

“ఎడ్లని ఎవరు కుట్టుకుంటారమ్మా? హంసలు తీసుకో, జంటగా ఉన్నాయి.”

“హంసలతోని నేనేం జేసుకోవాలె టీచరమ్మా, అవి దున్నుతయా?”

వెనక గదిలో ఆడవాళ్లు నవ్వారు. సత్తెమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని సంగతి చెప్పింది. పొలం పోయాక ఎడ్లను బాటసింగారం రైతుకు అమ్మేశారు. అప్పటి నుంచి ఆమె భర్త మల్లయ్య సరిగ్గా మాట్లాడడం లేదు. ఖాళీ కొట్టంలోనే మంచం వేసుకుంటున్నాడు. శ్రావణంలో కొత్తింటి గృహప్రవేశం. పాలవాడి దగ్గర ఆవును కిరాయికి తెచ్చి ముందు నడిపిస్తామని కొడుకు అన్నాడట.

“కిరాయి ఆవు ఎనక నేను రానన్నడు. మా ఎడ్లు జొరబడని ఇంట్ల నేను గడప దాటనన్నడు. ఆయన ఒకటన్నడంటే అంతే. నలుగురి ముంగట కొడుకు పరువు పోదా? నేనన్న, గట్లనా, అయితే ఎడ్లను నేను తెస్త, నువ్వు రా అని. ఎట్ల తెస్తవన్నడు. నీకెందుకు, తెస్తనన్న. గిప్పుడు చెప్పుండ్రి, ఎట్ల తేవాలె?”

నాలుగు నెలలు గడువు. మేడం జాలిపడింది, చేర్చుకుంది. పుస్తకాల్లో ఎడ్ల నమూనా లేదు కాబట్టి గళ్లకాగితం మీద బొమ్మ గీసే పని నాకు వచ్చింది. చాటుగా కాగితాల మీద నేను గీసే బొమ్మలు మేడం కంట ఎప్పుడో పడ్డాయన్నమాట.

ఆ ఎడ్లను నేను చూడలేదు. సత్తెమ్మ చెబుతుంటే లెక్కల నోటుబుక్కులో గీశాను. ఒకడు తెల్లోడు, ఒకడు బూడిదరంగు మైలోడు. ఇద్దరూ కాడి కింద ఎదురుగా నిలబడి మన వైపే చూస్తున్నట్టు.

“తెల్లోడు ఎడమదిక్కు” అంది.

ఎడమవైపు తెల్లోడిని పెట్టాను.

“వానికి ఎడమ కొమ్ము ఇరిగింది.”

ఎడమ కొమ్ము విరిచాను. కింద నా సొంతంగా ‘సుస్వాగతం’ అని పెద్ద అక్షరాలు వేశాను. పొడుగు గీతలు, సున్నాలు అన్నీ గళ్లలో ఒదిగేలా రెండు రోజులు కష్టపడ్డాను. నిజం చెప్పాలంటే ఎడ్లకంటే అక్షరాల మీదే నాకు మక్కువ.

నా తప్పు

మేడం సూత్రం ప్రకారం గుడ్డ మ్యాటీ, దారం ఊలు, సూది మొద్దుమొన పద్దెనిమిది నంబరు; మొద్దుమొన వాటికి అంకెల వరస వేరు, వాటిలో పద్దెనిమిది లావుదే. గుడ్డముక్కకు గుచ్చి కౌంటర్ మీద పెట్టాను. సత్తెమ్మ తీసుకోబోయింది. అప్పుడు చూశాను ఆమె చేతిని.

కుడిచేతి చూపుడు వేలు కొసన పాత కొడవలి గాయం. తోలు గట్టిపడి మొద్దుబారిపోయింది. మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి గోళ్లతో పట్టుకుని తీసింది. ఆ వేలికి సూది తగులుతున్న సంగతే తెలియడం లేదు. ఈ సూది ఆమె చేతిలో నిలవదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. కాని మేడం మాట్లాడుతోంది, ఇద్దరు కొనేవాళ్లు నిలబడి ఉన్నారు, నేను నోరు తెరవాలంటే ముందు గొంతు సవరించుకోవాలి, అప్పుడు అందరూ నా వైపు చూస్తారు. ఊరుకున్నాను. ఆ రోజు డైరీలో రాసుకున్నాను, ‘ఆ సూది ఆమెకు పనికిరాదు’ అని. డైరీ చదివి ఎవరు సూది మార్చుకుంటారు?

పది రోజులకు ఇంకో సూది కావాలని వచ్చింది. మొదటిది జారి ఎక్కడో పడిపోయిందట. అదే నంబరు ఇచ్చాను. ఇంకో వారానికి ఇంకోటి. మూడోది పోయినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ. మనవడు అప్పుడే పాకుతున్నాడు. కోడలు చీపురుతో, చాటతో ఇల్లంతా గాలించింది. చివరికి సూది సత్తెమ్మ కొంగుకే గుచ్చుకుని దొరికింది.

“నా కోడలు ఏమన్నదో తెలుసునా? అత్తా, ఎడ్లు ఇంట్లకు జొరబడుడేమో గానీ సూదులు జొరబడ్డయ్, ఇగ చాలు అన్నది. ఇంకొక్కటి పోతే బంద్ జేపిస్తదట.”

నవ్వుతూనే చెప్పింది. రెండు నెలలు అయిపోయాయి, మ్యాటీ మీద తెల్లోడి చెవి మాత్రమే లేచింది. అదీ వంకరగా. నేను నాలుగో సూది గుచ్చి కౌంటర్ మీద పెట్టాను. ఆమె దాన్ని తీసుకోలేదు. మేడం భోజనానికి ఇంటికి వెళ్లింది, దుకాణంలో మేమిద్దరమే.

“బిడ్డా, నువ్వు రోజు నా చెయ్యి దిక్కే చూస్తవ్. ఏదో చెప్పాలనుకుంటవ్, మింగుతవ్. నోట్ల ఏమన్న ఉంటే ఉమ్మరాదా!”

ఏడేళ్లలో నేను కొనేవాళ్లను అడిగిన మొదటి ప్రశ్న ఇది. “ఇంట్ల మీరు దేనితోటి కుడ్తరు?”

“బొంతలా? సంచులా?”

“ఏదన్న.”

“దబ్బనంతోని. ఇంకేముంటది మాకు? చిన్న దబ్బనం, ముప్పై ఏండ్ల సంది అదే. చీకట్ల గూడ కుడ్త.”

గోనెసంచులు కుట్టే దబ్బనం. వేలెడంత పొడుగు, అరచేత్తో నెట్టొచ్చు, జారి పడితే చప్పుడవుతుంది, పాకే పిల్లవాడు మింగలేడు. దానికి ఉన్న లోపాలు రెండే. మొన వాడి. మ్యాటీ గళ్లలో అది పట్టదు.

“మొనను రాయి మీద అరగదీస్తే?” అన్నాను.

“అరగదీస్త. కానీ గుడ్డ?”

ఇద్దరం ఒకేసారి దుకాణం మూలకు చూశాం. ఊలు ఉండలు వచ్చిన కొత్త గోనెసంచి ఖాళీగా పడి ఉంది. అడ్డం, నిలువు పోగులు దూరం దూరంగా, సమానంగా, ఎవరో గళ్లు కొట్టి ఇచ్చినట్టు. నాలుగు పోగులు ఒక గడి అనుకుంటే నా నోటుబుక్కులోని ఎడ్లు సరిగ్గా దాని మీద నిలబడతాయి.

గోనె మీద ఎడ్లు

మేడం తిరిగివచ్చేసరికి సత్తెమ్మ మెట్ల మీద కూర్చుని దబ్బనం మొన అరగదీస్తోంది. ఇంటికి పోయి తెచ్చుకుని, మందుల షాపు ముందున్న గ్రానైటు ముక్క మీద.

“ఇదేంటి?” అంది మేడం.

“మొద్దుమొన సూది టీచరమ్మా. నంబరు తెల్వది.”

“గోనెపట్టా మీద ఎంబ్రాయిడరీనా! దాన్ని గోడకి తగిలిస్తావా, కందులు పోస్తావా? సుగుణా, నీకైనా బుద్ధి ఉండక్కర్లా?”

సుగుణ నేనే. నేను సొరుగు లాగి సూదులు సర్దబోయాను. సత్తెమ్మే అంది, “టీచరమ్మా, మీరు గుడ్డకు సూదిని ఎతుకుతరు. నాకు సూది దొరికింది, దానికి గుడ్డను ఎతుక్కున్న. గంతే గదా.”

మేడం గోనె అంచు పట్టుకుని పోగులు లెక్కపెట్టింది. కుట్టడం మొదలయ్యాక మాత్రం ఒక తప్పు పట్టుకుంది. మేం నేర్పే ఇంటూ కుట్టు సత్తెమ్మ కుట్టడం లేదు. బొంతల్లో కుట్టినట్టు ఒక గడి విడిచి ఒక గడి కుట్టుకుంటూ పోయి, అదే దారిలో వెనక్కి వస్తూ విడిచినవి నింపుతోంది. ముడి వేయదు. దారం కొసను కుట్ల కిందే దాచేస్తుంది.

“వెనకవైపు కూడా ఇంత ఊలు తినేస్తుంటే ఎలా? గోడవైపు ఉండేది ఎవరు చూస్తారు?” అంది మేడం. ఎప్పుడూ వెనక్కి తిప్పి చూసే మనిషి అన్న మాట ఇది!

“బొంతను ఒక్క దిక్కే కప్పుకుంటరా? ఏ పక్క తిప్పినా బొంతనే ఉండాలె. నాకు గట్లనే వస్తది.”

మొద్దు మొన పోగును ఎక్కడా చీల్చలేదు కాబట్టి కుట్లు తీర్చి దిద్దినట్టు పడ్డాయి. నలభై రోజుల్లో ఎడ్లు రెండూ కాళ్ల మీద నిలబడ్డాయి. నా అక్షరాలు మాత్రం సత్తెమ్మ వదిలేసింది. “మా ఎడ్లకు సదువు రాదు బిడ్డా, ఆ గీతలెందుకు?” అంది. నేను పైకి నవ్వాను. డైరీలో ఒక పేజీ నిండా అలిగాను.

గృహప్రవేశం

శ్రావణమాసం పొద్దున. ఎల్బీ నగర్ కూడలి దాటి ఇంకా గుట్టలు గుట్టలుగా ఇసుక పోసి ఉన్న కొత్త కాలనీలో వాళ్ల ఇల్లు. మేడం, నేను వెళ్లేసరికి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల ఎలక్ట్రీషియన్ ఇంకా ఒక ఫ్యాను బిగిస్తూనే ఉన్నాడు. వాకిట్లో నలభై మంది. ఎడ్లను వడ్రంగి చేత ఫ్రేము కట్టించి, గడప పక్కన కుర్చీ మీద పసుపు కుంకుమలు పెట్టి నిలబెట్టారు. ముందు అవి లోపలికి పోవాలి, వెనక మల్లయ్య.

మల్లయ్య పొట్టిగా, గట్టిగా ఉన్నాడు, తెల్ల తలపాగా. నేరుగా నడిచి వచ్చాడు. ఫ్రేము ముందు గొంతుక్కూర్చున్నాడు.

“మన ఎడ్లే” అన్నాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. తర్వాత ఇంకా దగ్గరికి జరిగాడు. “కానీ మారినయ్.”

“ఏం మారినయ్?” అంది సత్తెమ్మ.

“తెల్లోడు కుడిదిక్కు కట్టేసి ఉన్నడు.”

“ఎడమదిక్కే ఉన్నడు గదయ్యా! కండ్లు లేవా?”

“నీకు ఎడమ. వానికి? వాడు మన మొకం దిక్కు చూస్తుండు. ఎదురుంగ నిలబడితే ఎడమెద్దు మన కుడిచెయ్యి దిక్కు రావాలె. ఇరిగిన కొమ్ము గూడ ఆ పక్కది కాదు. ఎవరు గీసిండ్రు గిది? పన్నెండేండ్లు నాగలి ఎనకనే నడిచిన, నాకు తెల్వదా? గిట్ల కడితే అడుగు ఎయ్యయి.”

వాకిట్లో అందరూ నాలుక కరుచుకున్నారు. పంతులుగారు గడియారం చూసుకున్నారు. కొడుకు, “నాయినా, బొమ్మనే గదా, నడువు” అన్నాడు. మల్లయ్య లేచి నిలబడి, వాకిలి బయటికి తిరిగాడు. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగు నెలలు నవ్వుతూ వచ్చిన మనిషి, ఆ రోజే ఆమె కళ్లల్లో నీళ్లు చూశాను.

గీసింది నేను. నోటుబుక్కులో నాకు ఎడమగా ఉన్నదే ఎడమనుకున్నాను. కాని నాకు ఇంకొకటి కూడా తెలుసు, ఆ వాకిట్లో ఇంకెవరికీ తట్టనిది.

“తిప్పుదాం” అన్నాను.

ఎవరికీ వినపడలేదు. గొంతు సవరించుకున్నాను. నలభై మంది నా వైపు చూశారు. “తిప్పుదాం! వెనక్కి తిప్పుదాం. వెనక కూడా ఎడ్లే ఉన్నయ్!”

మేడం నన్ను ఒక్క క్షణం చూసింది. ఆ తర్వాత ఇక ఎవరి మాటా వినలేదు. లోపలి నుంచి తొంగి చూస్తున్న ఎలక్ట్రీషియన్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుంది, పట్టుచీరతోనే నేల మీద చతికిలపడింది, వెనక అట్టకు కొట్టిన మేకులు ఒక్కొక్కటే పీకింది. “పంతులుగారూ, రెండు నిమిషాలు మంత్రాలు సాగదీయండి” అంది. గోనెను బయటికి తీసి తిప్పింది. ఒక్క ముడి లేదు, ఒక్క దారం దూకలేదు. తెల్లోడు కుడిచేతి వైపుకు వచ్చాడు, వాడితో పాటు విరిగిన కొమ్ము కూడా అటు మారింది. నా అక్షరాలు కుట్టి ఉంటే తిరగబడి ఎవరూ చదవలేని భాష అయ్యుండేవి.

మేకులు మళ్లీ కొట్టారు. మల్లయ్య వచ్చి మళ్లీ గొంతుక్కూర్చున్నాడు. చూపుడు వేలితో కొమ్మును తడిమాడు. కాడిని తడిమాడు.

“ఇగ నడుస్తయ్” అన్నాడు.

ఫ్రేమును తనే రెండు చేతులా ఎత్తుకుని, కుడికాలు ముందుపెట్టి గడప దాటాడు. కిరాయి ఆవు వెనక నడిచింది.

తిరిగి వస్తుంటే బస్సులో మేడం అంది, “మనిషిని అడగక్కర్లేదని చెప్పేదాన్ని కదూ? ఆ ముక్క కొట్టెయ్.” ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాబట్టి అమ్మాయీ, సూత్రం ఇప్పుడిది. ముందు చేతిని చూడు. చూసి, అడుగు. గుడ్డ, దారం, సూది ఆ తర్వాత. పదిసార్లలో తొమ్మిదిసార్లు మేడం పాత సూత్రమే సరిపోతుంది. ఆ పదోసారి ఎవరి ఎడ్లో బయట నిలబడి ఉంటాయి.

సొరుగులో లేనిది

ఆ సొరుగులో నీకు అన్ని నంబర్లూ దొరుకుతాయి, ఆ దబ్బనం ఒక్కటి తప్ప. అది నా దగ్గరుంది.

నేను మానేస్తున్నానని తెలిసి నా చివరి వారంలో సత్తెమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి దబ్బనం బయటికి తీసింది. ముప్పై ఏళ్ల నలుపు, మొన మాత్రం గుండ్రంగా మెరుస్తోంది. అలవాటు కొద్దీ నేను కౌంటర్ మీద గుడ్డముక్క పరిచాను. ఆమె ఆ గుడ్డను పక్కకు నెట్టి, నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

“అయ్యో, చేతికి ఇవ్వకూడదు!” అని మేడం వెనక గదిలోంచి అరిచింది. “తగువులొస్తాయి!”

“రానియ్యి టీచరమ్మా” అంది సత్తెమ్మ. “కొట్లాటన్న పెట్టుకుంటే గీ పిల్ల జర మాట్లాడుతది.”

నేను దబ్బనాన్ని గట్టిగా పట్టుకున్నాను. గొంతు సవరించుకోలేదు.

“నా అక్షరాలు ఎందుకు కుట్టలేదు మీరు?” అన్నాను.